సంతకము లేని జాబులు

ఈ సంచికకు ఒక విమర్శ వ్యాసము వ్రాయుమని మన సంఘము వారు కోరినప్పుడు, ఆ పనికి నా చదువు చాలదని మనవి చేసితిని. ఎస్.ఎస్.ఎల్.సి. వరకు చదివి, ముప్పదియేండ్లకు పైగా తాలూకా కచేరీలలో గుమాస్తాగా కాలము గడిపినవాడను. ఛందస్సు తెలియదు, అలంకారశాస్త్రము పేరు మాత్రమే విన్నాను. అందుకు వారు నవ్వి, "మీరు దినమంతయు చదువుచుండునదేదో దానిని గూర్చియే వ్రాయుడు" అనిరి.

నేను దినమంతయు చదువుచుండునది నా చేతిలోని ఫోను. సిగ్గుపడవలసిన మాటయే గాని నిజము. ఉదయము ముఖము కడుగుకొనకమునుపే దానిని చూతును. రాత్రి కన్ను మూతపడువరకు చూతును. చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలలో నేనెరిగిన తెలుగువారు ఈనాడు తెలుగున చదువునది ఏమైన నున్నచో అందులో అధికభాగము వాట్సాప్ జాబులే. పుస్తకము కొనువారు అరుదు, పత్రిక తెప్పించువారు అరుదు. ఈ జాబు చూడనివారు మాత్రము లేరు. ఇంతమంది చదువునది ఎట్టిదైనను దానికి గుణదోష విచారణ యుండవలెను గదా. కావున ఒక గ్రంథమును విమర్శించినట్లే దీనిని విమర్శింప సాహసించితిని. విజ్ఞులు మన్నింతురు గాక.

మన సీమ సంగతి ఎరుగనివారికై కొంత చెప్పవలెను. ఈ తాలూకాలు మొదట కోలారు జిల్లాలోనివి. 2007లో చిక్కబళ్లాపురము ప్రత్యేక జిల్లా అయినది. ఇంటిలో తెలుగు, బడిలో కన్నడము, కచేరీలో కన్నడము, సంతలో రెండును. అందుచేత మాలో పలువురకు తెలుగు నాలుకపై నున్నదేగాని వ్రేళ్లలో లేదు. నాకు తెలుగక్షరములు వచ్చుట మా తాతగారి చలువ. వేసవి సెలవులలో ఇసుకలో దిద్దించెను. మా తమ్ముడు ఆ యిసుక మీద కూర్చుండక మామిడితోపునకు పారిపోయెడివాడు. తరువాత అతడు పని కొరకు బొంబాయి పోయి నాకు వ్రాసిన ఇన్లాండు కవర్లు నేటికిని నా పెట్టెలో నున్నవి. భాష అచ్చమైన మా యూరి తెలుగు. అక్షరములు మాత్రము కన్నడము.

ఇది మా యింటి వింత యని తలపవలదు. చింతామణి తాలూకా కైవారములో గాజులమ్మి జీవించిన నారాయణప్పగారు, మేము కైవారము తాతయ్య యని పిలుచుకొను యోగి, తెలుగున కీర్తనలు పాడిరి, కాలజ్ఞానము చెప్పిరి. ఆ కీర్తనల ప్రతి మా యింట నొకటి కలదు. అది కన్నడ లిపిలో అచ్చయినది. భజనలో కూర్చున్నవారు కన్నడము చూచి తెలుగు పాడుదురు, తాళము తప్పదు. రెండు లిపులును ఒక తల్లి బిడ్డలే. కంప్యూటరులో ప్రపంచ లిపులన్నిటికిని సంఖ్యలు కేటాయించిన యూనికోడు పట్టిక 1991లో వెలువడినది. అందు తెలుగునకు 128 గదులిచ్చి, ఆ వరుసలోనే ఆనుకొని కన్నడమునకు 128 గదులిచ్చిరి. చింతామణి పేటవీధిలో ఇండ్లవలె నడుమ గోడ యొక్కటే. ఎవరో అమెరికాలో కూర్చుండి చేసిన పంపకము మా సీమకు ఇంత చక్కగా సరిపోయినందుకు నాకు ముచ్చటగా నుండును.

యంత్రముతో నా పరిచయము ఫోనుతో మొదలు కాలేదు. కచేరీలోనే మొదలైనది. అంతకుమునుపు పహణీ కావలెననిన రైతు గ్రామ లెక్కిగుని వెదకికొని పోవలెను. దస్త్రము అతని యింట నుండెడిది. అతడు వ్రాసినది వ్రాత. 2000 ప్రాంతమున కర్ణాటక ప్రభుత్వము వారు "భూమి" పథకము క్రింద సుమారు 67 లక్షల రైతులకు చెందిన 2 కోట్ల పహణీలను కంప్యూటరున కెక్కించిరి. పదునైదు రూపాయలు చెల్లించిన తాలూకా కచేరీ కిటికీలోనుండి అచ్చుకాగితము చేతికి వచ్చెడిది. అన్నిటికన్న నన్నాకర్షించిన ఏర్పాటు మరియొకటి. ఒక పేరు మార్చవలెననిన ఉద్యోగి మొదట తన వ్రేలిముద్రను యంత్రమునకు చూపవలెను. ఎవరు మార్చిరి, ఎన్నడు మార్చిరి యనునది అందులో నిలిచిపోవును. తరువాత "నేను కాదు" అనుటకు వీలు లేదు.

మా గుమాస్తాలకు ఇది క్రొత్త ధర్మము కాదు. టపా వచ్చినంతనే లోనికి వచ్చిన జాబుల పుస్తకములో సంఖ్య, తేది, పంపినవారి పేరు, విషయము వ్రాయవలెను. బయటికి పోవు జాబులకు మరియొక పుస్తకము. సంతకము లేని అర్జీ వచ్చినచో దానిపై ఆ మాట షరా వ్రాసి ప్రక్కన పెట్టెడివారము. ఎంత చిన్న కాగితమైనను ఎక్కడ పుట్టినదో, ఎవరి చేతులమీదుగ వచ్చినదో వెనుకకు నడచిపోయి కనుగొనవచ్చును. యంత్రము ఈ పద్ధతిని ఇంకను బిగించినది. అందువలన యంత్రమున కనిపించిన మాటకు సాక్ష్యముండునను నమ్మకము నాలో నాటుకొన్నది. ఈ నమ్మకమే తరువాత నా కొంప ముంచినది. ఆ సంగతి ముందు చెప్పుదును.

2016 సెప్టెంబరులో జియో వచ్చి ఇంటర్నెట్టు వెల పడిపోయిన పిమ్మట మా యిండ్లలో ఈ ఫోనులు వ్యాపించినవి. మా మేనల్లుడు నా ఫోనులో వాట్సాప్ పెట్టి, "మామా, ఇంక అమ్మ నీతో దినమూ మాట్లాడుతుంది చూడు" అనెను. వాని తల్లి, మా అక్క, మదనపల్లె ప్రక్క పల్లెకు కాపురమునకు పోయినది. ఆమెకు ఏ లిపియు రాదు. నలుబదియేండ్లు ఆమె జాబులు ప్రక్కింటి పిల్లలు వ్రాసినవే. "ఇక్కడ అందరము క్షేమము, మీ క్షేమమునకు వ్రాయవలెను" అని మొదలు పెట్టి, అదే మాటతో ముగించెడివారు. ఆ నడుమ అక్క చెప్పినదేదో, వ్రాసిన బాలుడు వదలిపెట్టినదేదో దేవునికెరుక. అన్ని జాబులలోను అక్క పేరున్నది. ఒక్క దానిలోను అక్క లేదు.

వాట్సాప్‌లో నోటిమాటనే జాబుగా పంపు వసతి 2013లో వచ్చినది. మా అక్కకు అది మూడేండ్లు ఆలస్యముగా నందినది. మొదటి జాబు నాకిప్పటికిని కంఠస్థము: "ఏంరా తమ్ముడా, వినపడతాందా? సంగటి తింటివా? ఆడ వానలు పడినాయా? ఈడ ఒక్క చినుకు ల్యా. బర్రె ఈనింది. పెయ్యదూడ. నీ కాలి నొప్పి ఎట్లుందిరా? సరే పెడతాండా." పెడతాండా అనిన తరువాత మరి యొక నిమిషము జాబు నడచినది. అందు కోడి కూసినది, ఎవరో నీళ్లు తోడిరి, అక్క ఏమియు మాటలాడలేదు. ఎట్లు ఆపవలెనో తెలియక చేతిలో పట్టుకొని కూర్చున్నది కాబోలు.

నేను సాహిత్యమెరిగినవాడను కాను. అయినను ఈ ఫోనులో నాకు వచ్చిన రచనలన్నిటిలో దీనికే ప్రథమస్థానమిత్తును. ఇందు చెప్పవలసినదున్నది. చెప్పినవారెవరో, ఎవరికి చెప్పిరో తెలియుచున్నది. మాట పుట్టిన చోటు వాసన పోలేదు. మాపు, పెయ్య, ఆడ, ఈడ యను మాటలు నేను చదివిన పాఠపుస్తకములలో లేవు, వార్తలలో లేవు. మూడు తరములుగా బడికి వెలుపల నిలిచిన మా తెలుగు మొదటిసారి ఒక పెట్టెలో పదిలపడినది. నోటిమాటను అక్షరములుగా మార్చు ఏర్పాటు తెలుగునకు 2017 నాటికి వచ్చినది. దానియెదుట "మాపటికి వస్తాండా" అని పలికితిని. అది ఏదో వ్రాసినది. వార్తలు చదువువానివలె "సాయంత్రము వచ్చుచున్నాను" అనిన మరి తప్పు లేకుండ వ్రాసినది. నేను వ్రాసెడి ఈ వ్యాసపు తెలుగును అది మెచ్చుకొనవచ్చును. మా అక్కను మాత్రము మెచ్చదు.

ఇక మిగిలిన రాశి. దీనిని చదువుట కన్న తూచుట సులభము. తెల్లవారునప్పటికి గులాబిపూలు, దీపములు, దేవుళ్లు, "శుభోదయము". పిమ్మట వైద్యము: మెంతులు, కరివేపాకు, గోరువెచ్చని నీరు, ఏ రోగమునకైనను ఇవియే. పిమ్మట సూక్తులు. ఈ సూక్తుల తెలుగు ఏ తాలూకాదియు కాదు. ఏదో పరభాషనుండి తొందరలో దింపిన సరకు. క్రియాపదము ఒకచోట, కర్త మరియొకచోట. పంపినవాడు చదివి పంపెననుటకు నిదర్శనము కానరాదు. చదివినవాడు అంత పొద్దున్నే పదునెనిమిది మందికి పంపగలడా?

ఇంగ్లీషు అక్షరములతో వ్రాసిన తెలుగును పలువురు దూషింతురు. నాకు అంత కోపము లేదు. మా తమ్ముడు కన్నడాక్షరములతో వ్రాసినాడు. మా మనుమరాలు ఇంగ్లీషు అక్షరములతో వ్రాయుచున్నది. ఇద్దరును తమకు వచ్చిన గీతలతో తాతల భాషను పట్టుకొన్నవారే. అయితే నష్టము సమానము కాదు. కన్నడ లిపిలో దీర్ఘము పోదు, ఒత్తు పోదు, ళ పోదు. ఇంగ్లీషులో "కల" యనినను, "కళ" యనినను, "కాల" యనినను అవే నాలుగు గీతలు. ఒకనాడు ఆ పిల్ల "రాత్రి కల వచ్చింది" అని వ్రాసినది. నేను పని మానక ముఖమున కళ వచ్చినదేమో యని సంతోషించితిని. ఇట్టివి నవ్వుకొనుటకే. అసలు తెలుగక్షరమునకు యంత్రముతో పేచీ మరియొక తీరున గూడ వచ్చినది. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు సంయుక్తాక్షరము సందేశమున వచ్చినంతనే ఆపిల్ ఫోనులలోని సాధనములు కుప్పగూలినవి. ఆ నెలలోనే సరిదిద్దిరి. ఆ యక్షరము "జ్ఞా". జ్ఞానమునకు మొదటి యక్షరము!

నా అసలు ఫిర్యాదు లిపిని గూర్చి కాదు, భాషను గూర్చియు కాదు. సంతకమును గూర్చి. సెప్టెంబరు 15 వచ్చినచో విశ్వేశ్వరయ్యగారి జయంతి. ఆయన మన చిక్కబళ్లాపురము ప్రక్కన ముద్దెనహళ్లిలో 1861లో పుట్టిరి. పూర్వులు ఆంధ్రదేశమందలి మోక్షగుండమువారు. 1955లో భారతరత్నము పొంది, నూరేండ్లు నిండి 1962లో పోయిరి. ఆ దినమున నా ఫోనుకు రెండు కథలు తప్పక వచ్చును. రైలుబండి చప్పుడు విని ముందు పట్టా విరిగినదని కనిపెట్టి గొలుసు లాగిరనునది ఒకటి. సర్కారు పనికి సర్కారు క్రొవ్వొత్తి, సొంత పనికి సొంత క్రొవ్వొత్తి వెలిగించిరనునది రెండవది. ఏ రైలు, ఏ యేడు, చూచినవారెవరు? జాబులో ఉండదు. క్రొవ్వొత్తి కథ దీపముగా మారి చాణక్యుని పేరుతో గూడ నాకే వచ్చినది. మంచి కథలు గదా, ఏమి నష్టమని అడుగుదురు. ఆ మహనీయుని జీవితమంతయు లెక్కలతో, కొలతలతో, సాక్ష్యములతో నడచినది. ఆయన కట్టించిన కన్నంబాడి ఆనకట్ట కన్నులయెదుట నుండగా, ఆనవాలు లేని రైలు ఆయన కేల? ముద్దెనహళ్లికి బస్సెక్కి పోగల దూరములో నున్న మనము గూడ విచారింపక పంపినచో మరి విచారించువారెవరు?

పేరు పెట్టినంతమాత్రమున చాలదు. 2020 ఏప్రిలులో కరోనా నాడు దేశపు ఆర్థిక స్థితిని గూర్చి రతన్ టాటాగారి మాటలని ఒక జాబు ఊరూర తిరిగినది. అవి తాను చెప్పినవి కావు, వ్రాసినవి కావని ఆయనయే ప్రకటింపవలసి వచ్చినది. అప్పుడు బ్రతికియుండిరి గనుక కాదనగలిగిరి. కీర్తిశేషులు ఏమి చేయుదురు?

నోటినుండి నోటికి పోవుట వలననే మాట చెడుననుటకు నేనొప్పుకొనను. కైవారము తాతయ్య కీర్తనలు ఎన్ని నోళ్లు దాటి మా భజనకు వచ్చినవి! కాని ఆ పాటలోనే కైవారపు అమరనారాయణుని ముద్ర యుండును. పాడువాడు ఎవడైనను ముద్రవద్దకు వచ్చునప్పటికి ఇది ఫలానివారి పాట, నాది కాదు అని ఒప్పుకొని తీరవలెను. ముద్రలు దొంగిలించినవారు లేకపోలేదు. వేమన పేరుతో ఎవరెవరు ఎన్ని పద్యములు చెప్పిరో! అయినను దొంగిలించుటకైనను అక్కడ ఒక ముద్ర యుండవలెనను మర్యాద యుండెను.

ఇప్పుడు నా తప్పు చెప్పవలెను. 2018 మే నెలలో పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను జాబులు దక్షిణ దేశమంతట ఫోనులలో వ్యాపించినవి. ఆ నెల 23వ తేదిన బెంగళూరు చామరాజపేటలో పని వెదకికొనుచు వచ్చిన రాజస్థాన యువకుని జనులు కొట్టి చంపిరి. జూలైలో బీదరు జిల్లాలో హైదరాబాదునుండి వచ్చిన యువకుడొకడు ఇట్లే హతుడయ్యెను. ఆ మే నెలలోనే నాకును ఒక జాబు వచ్చినది. పంపినవాడు దగ్గరి చుట్టము. కన్నడములో నుండగా, పల్లెలోని ముసలివారికి తెలియుటకై నేనే తెలుగున మార్చి, మా యూరి గుంపునకు పంపితిని. నా జన్మములో నేను చేసిన అనువాదము అదొక్కటే. ఎక్కడినుండి, ఎవరు, ఏ తేది అని అడుగలేదు. యంత్రములో కనిపించినది గదా!

నాలుగు దినములకు మా యూరికి వెండ్రుకలు కొనెడి ముసలమ్మ వచ్చినది. ఆడవారు దువ్వుకొన్నప్పుడు రాలిన వెండ్రుకలు గోడసందులలో దాచియుంతురు. అవి తీసికొని పిన్నులు, సూదులు, చిన్న గిన్నెలు ఇచ్చుట ఆమె వృత్తి. కుర్రవాండ్రు ఆమెను ఆపి మూట విప్పిరి. మూటలో వెండ్రుకలు. ఇంకేమి కావలెను? బడి అరుగుమీద మధ్యాహ్నమునుండి కూర్చుండబెట్టిరి. ఒకడు చేయి చేసికొనెను. పొద్దు వాలిన తరువాత కూలికి పోయిన ఆడవారు తిరిగి వచ్చిరి. వారిలో పెద్దది, "ఓరి నాయనలారా, నా పెండ్లినాటినుంచి ఈమె వస్తాంది గదరా!" అని అరచి, ఆమె మూట తానే కట్టి, ఇంటికి తీసికొనిపోయి మజ్జిగ పోసినది. ఆ ముసలమ్మ మరునాడు తెల్లవారకమునుపే వెళ్లిపోయినది. మరల మా యూరికి రాలేదు.

ఆదివారము నేను ఊరికి పోయి ఆ కుర్రవాండ్రను కేకలు వేసితిని. ఒకడు మారు పలుకక ఫోను తీసి నా యెదుట పెట్టి, "సార్, మీరే కదా పంపినారు" అనెను. సంతకము లేని జాబని నేననుకొన్నదానికి సంతకమున్నది. నా పేరు, నా సంఖ్య, పంపిన గంట, నిమిషము. ఇతరులు పంపిన నమ్మెడివారు కారేమో. కచేరీలో పనిచేయువాడు పంపెను గనుక నమ్మిరి.

ఆ యేటి జూలైలో వాట్సాప్ వారు చేతులు మారిన జాబులపై ఆ మాట సూచించు గుర్తు పెట్టిరి. మన దేశములో ఒకమారు ఐదింటికి మించి పంపరాదనిరి. 2020 ఏప్రిలునుండి మిక్కిలి తిరిగిన జాబును ఒకమారు ఒక్కచోటికే పంపవలెనని బిగించిరి. మేలే. కాని గుమాస్తా కంటితో చూచిన అది సగము షరా. "ఇది వేరుచోటినుండి వచ్చినది" అనును, ఏచోటినుండి యనదు. కచేరీలో ఇట్లు వ్రాసినవానికి మెమో ఇచ్చెడివారు.

నేను మాత్రము ఒక పాత నోటుపుస్తకమున రెండు గీతలు గీచి లోనికి, బయటికి అని వ్రాసికొంటిని. ఎవరినుండి వచ్చినది, వారికెవరు పంపిరి, అడిగితినా, ఏమి చెప్పిరి. ఇంటిలో నవ్విరి. ఒక చుట్టము కోపగించుకొని నాకు పంపుటయే మానెను. లోనికి వచ్చినవి పుటలు నిండినవి. బయటికి పోయినవి ఏడాదికి అర పుట దాటలేదు. నేను ఫోను చూచుట తగ్గెనా యనిన, తగ్గలేదు. అబద్ధమేల?

మరియొక నష్టమున్నది, ఇది ఎవరికిని చేసినది కాదు, నాకు నేనే చేసికొన్నది. 2019లో ఒకనాడు ఫోను చోటు లేదని మొరపెట్టినది. ఏవి పెద్దవో వరుసగా చూపినది. నాకు ఆ విద్య క్రొత్త. అక్క జాబులు కొన్ని పెద్దవి. పెట్టేస్తాండా అనిన తరువాత గూడ నడచునవి గదా. వినినవే గదా యని తుడిచివేసితిని. గులాబిపూలు ఒక్కొక్కటి చిన్నవి గనుక వరుసలో అడుగున నుండి మిగిలిపోయినవి. యంత్రమునకు రెండును బరువే. ఏది జాబో, ఏది చెత్తయో చెప్పవలసినవాడను నేను. అక్క 2022లో కాలము చేసినది. తమ్ముని ఇన్లాండు కవర్లు పెట్టెలో పదిలముగ నున్నవి. వాటిని తుడుచుటకు ఎవరును నాకు మీట చూపలేదు.

మొన్న సంవత్సరీకమునకు పోయినప్పుడు మా మేనకోడలు అమ్మ గొంతు ఏమైన నున్నదా యని అడిగినది. వెదకగా మూడు దొరికినవి. ఒకటి వట్టి గాలి చప్పుడు. ఒకటి పొరపాటున నొక్కినది. అందు అక్క ఎవరినో కోళ్లను తోలుమని తిట్టుచున్నది. మూడవది బర్రె ఈనిన సంగతి. మూడును ఆ పిల్లకు పంపితిని. బయటికి పోవు పుటలో సంఖ్య, తేది వేసి, పంపినవారి గడిలో అక్క పేరు వ్రాసితిని.